తాళం వేసిన పాతికేళ్లు: ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక గే పబ్బు మళ్లీ తెరుచుకున్న తీరు

ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో జేడైక్ అనే వీధిలో 63వ నంబరు ఇంట్లో ఉన్న ‘కఫే ట్ మాంత్యే’ అనే చిన్న పబ్బు 1927లో మొదలైంది, 1982లో మూతపడింది, 2008 ఏప్రిల్‌లో మళ్లీ తెరుచుకుంది. గే పురుషులు, లెస్బియన్ స్త్రీలు తాము ఫలానా అని దాచుకోకుండా కూర్చోగలిగిన తొలి చోట్లలో ఒకటిగా ఆ నగర చరిత్రలో దీనికి స్థానం ఉంది. దీన్ని స్థాపించిన స్త్రీ, ఆమె తర్వాత నడిపిన స్త్రీ, పాతికేళ్ల విరామం తర్వాత తెరిచిన స్త్రీ ముగ్గురూ ఒకే కుటుంబం వారు. ఈ పునఃప్రారంభం గురించి రాసేవారు, లోపలి వస్తువులన్నీ నాటివే అని సాధారణంగా మెచ్చుకుంటారు. ఆ మెప్పులో తప్పు లేదు గాని, అక్కడితో ఆగితే అసలు ప్రశ్న మిగిలిపోతుంది. వస్తువులను కాపాడటానికి పెద్ద మరమ్మతు అక్కర్లేకపోయింది. తలుపు మూసి, ఏదీ పారేయకుండా ఉంచడమే చాలావరకు సరిపోయింది. ఆ తలుపు తెరిచి వ్యాపారం చేయగల పరిస్థితి రావడానికి మాత్రం వీధి మొత్తం మారవలసి వచ్చింది. చారిత్రక గే పబ్బును నిలబెట్టడమంటే ఏమిటో తెలుసుకోవాలంటే గది గోడల కన్నా ముందు ఆ వీధిని చూడాలి.

జేడైక్ మధ్యయుగాల్లో సముద్రపు నీటిని అడ్డుకోవడానికి పోసిన కట్ట. నగరం పెరిగిన కొద్దీ ఆ కట్ట మీదనే ఇళ్లు లేచాయి. రేవుకు ఆనుకుని ఉండటం వల్ల శతాబ్దాల తరబడి ఇది నావికుల వీధి: ఓడ దిగినవారు డబ్బు ఖర్చు పెట్టేదీ, డబ్బయిపోయినవారు మరో ఓడలో పనికి కుదిరేదీ ఈ చుట్టుపక్కలే. 17వ శతాబ్దం మొదట్లో డచ్చి ఈస్టిండియా కంపెనీ ఓడలు కోరమండల్ తీరానికి బయలుదేరినప్పుడు వాటికి మనుషులను సమకూర్చిన రేవు పేటల్లో ఇదీ ఒకటి. ఆ ఓడలు చేరిన చోట బందరులో, వలందులు అంటే డచ్చివారి పేరు మీద, వలందపాలెం అనే పేరు ఇప్పటికీ ఉంది. రెండు ప్రపంచ యుద్ధాల నడుమ కాలానికి జేడైక్ మీద నావికులతో పాటు రేవు కూలీలు, సెక్స్ వర్కర్లు, జాజ్ వాయించే సంగీతకారులు, వాళ్లను చూడటానికి వచ్చే మధ్యతరగతి కుర్రవాళ్లు అందరూ తిరిగేవారు. పరువు గల కుటుంబాలు తప్పించుకు నడిచే వీధి కావడమే అక్కడ రకరకాల మనుషులకు చోటు దొరకడానికి కారణమైంది.

బెట్ వాన్ బేరెన్ 1902లో పుట్టింది. కుటుంబంలోని ఒక పెద్ద మనిషి నడుపుతున్న పబ్బును, బీరు తయారీ సంస్థ ఇచ్చిన అప్పుతో, ఇరవై అయిదేళ్ల వయసులో తీసుకుంది. రోజూ తల్లి చిన్న బుట్టలో భోజనం తెచ్చి ఇచ్చేది కాబట్టి ఆ బుట్ట పేరే పబ్బుకు పెట్టిందని చెబుతారు. బెట్ తాను స్త్రీలను ప్రేమిస్తానన్న విషయాన్ని దాచలేదు. తోలు దుస్తులు వేసుకుని, వెనక ప్రియురాలిని కూర్చోబెట్టుకుని మోటారు సైకిలు మీద ఊరంతా తిరిగేది. ఆ పేటవాళ్లు ఆమెను ‘జేడైక్ రాణి’ అని పిలిచేవారు. టై కట్టుకుని దర్జాగా లోపలికి వచ్చిన మగవాళ్ల టైలను కత్తిరించి పైకప్పుకు వేలాడదీయడం ఆమె అలవాటు. ఆ టైలు, వాటి పక్కన అంటించిన ఫోటోలు, విజిటింగ్ కార్డులు, వచ్చిపోయినవారు వదిలిన చిల్లర గుర్తులు ఏళ్ల తరబడి పేరుకుని గది పైభాగం మొత్తం కప్పేశాయి.

టై కత్తిరించడాన్ని కేవలం సరదాగా చెప్పుకోవడం పరిపాటి. దానికి ఒక ఉపయోగం కూడా ఉండేదనిపిస్తుంది. ఈ పబ్బు గేల కోసం మాత్రమే పెట్టింది కాదు. నావికుడు, తార్పుడుగాడు, సెక్స్ వర్కరు, చిత్రకారుడు, పక్కింటి ముసలాయన, ఇద్దరు మగ ప్రేమికులు ఒకే బల్ల దగ్గర కూర్చునేవారు. అలాంటి చోట హోదా చూపించే గుర్తును గుమ్మం దగ్గరే తీసేయడం, ఇక్కడి నియమం ఎవరిదో వచ్చినవాడికి తెలియజేస్తుంది. అన్ని రకాల వాళ్లూ కలిసి ఉండటం వల్ల ఫలానా పబ్బుకు వెళ్లాడు కాబట్టి ఫలానావాడు అని ఎవరి మీదా ముద్ర వేయడానికి వీలుండేది కాదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 1946లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టిన స్వలింగ ప్రేమికుల సంఘం, తర్వాత సీఓసీగా ప్రసిద్ధమైనది, సభ్యత్వం ఉన్నవారికే తలుపు తీసే పద్ధతిని ఎంచుకుంది. బెట్ పద్ధతి దానికి పూర్తిగా భిన్నం. ఆమె తలుపు వీధిలోకి తెరిచి ఉండేది. లోపల ఉన్న గుంపే చాటు.

ఆ చాటు ఎందుకు అవసరమైందో తెలియాలంటే అప్పటి చట్టం చూడాలి. ఫ్రెంచి శిక్షాస్మృతి అమల్లోకి రావడంతో 1811 నాటికే నెదర్లాండ్స్‌లో పెద్దవాళ్ల మధ్య స్వలింగ సంబంధం నేరం కాకుండా పోయింది. బ్రిటిషు వారు 1860లో రాసిన 377వ సెక్షన్‌ను 2018 దాకా మోసిన దేశపు పాఠకులకు ఇది ఎంతో ముందడుగులా కనిపిస్తుంది. కాని 1911లో డచ్చి పార్లమెంటు 248 బిస్ అనే అధికరణం తెచ్చింది. స్త్రీ పురుషుల సంబంధానికి పదహారేళ్ల వయసు చాలుననే చట్టం, ఒకే లింగానికి చెందినవారి విషయంలో ఆ వయసును ఇరవై ఒకటికి పెంచింది. ఉల్లంఘించిన పెద్దవారికి నాలుగేళ్ల దాకా జైలు. ఈ అధికరణం 1971 వరకు కొనసాగింది. అరెస్టుల కన్నా అది కల్పించిన అవకాశమే పెద్ద బాధ: పోలీసులు గేల పేర్లు రాసుకోవడానికి, వారు చేరే చోట్ల మీద కన్నేసి ఉంచడానికి అది సాకయింది. పబ్బు యజమానికి జైలు కన్నా లైసెన్సు పోతుందన్న భయమే ఎక్కువ. మద్యం అమ్మే అనుమతికి యజమాని నడవడికకు ముడి ఉన్న దేశంలో, ‘అసభ్యత’ అనే ఒక్క ఫిర్యాదుతో దుకాణం మూయించేయవచ్చు.

అందుకే బెట్ తన పబ్బులో ఒకే లింగానికి చెందినవారు ముద్దు పెట్టుకోవడాన్ని ఒప్పుకునేది కాదు. నృత్యం కూడా రాణి పుట్టినరోజు పండుగ వంటి సందర్భాల్లోనే. ఆ రోజు ఊరంతా తాగి తూలుతుంది కాబట్టి ఇద్దరు మగవాళ్లు కలిసి ఆడినా ఎవరూ పట్టించుకోరు. ఈ సంగతి విన్న నేటి యువతకు ఆశ్చర్యం కలుగుతుంది: స్వేచ్ఛకు చిహ్నంగా చెప్పుకునే పబ్బులో ముద్దుకు నిషేధమా? ఆ నిషేధం ఉన్నందువల్లే పబ్బు యాభై ఏళ్లకు పైగా నడిచింది. ఇటువంటి చోట్ల చరిత్ర రాసేటప్పుడు ధైర్యం గురించి ఎక్కువ, జాగ్రత్త గురించి తక్కువ రాస్తారు. బెట్‌లో రెండూ సమానంగా ఉన్నాయి. 1940లో జర్మనీ ఆక్రమణతో మగవారి మధ్య సంబంధాలన్నీ మళ్లీ నేరమయ్యాయి. ఆ ఏళ్లలో ఆమె పబ్బులో ప్రతిఘటన దళాల ఆయుధాలు దాచిందని చెబుతారు.

1967లో బెట్ మరణించినప్పుడు ఆమె శరీరాన్ని పబ్బులోనే, బిలియర్డ్స్ బల్ల మీద ఉంచారు. పేట పేటంతా వచ్చి చూసి వెళ్లింది. తర్వాత ఆమె సోదరి గ్రేట్ వాన్ బేరెన్ బాధ్యత తీసుకుంది. ఆ తర్వాతి ఏళ్లలో ఊరి గే జీవితం వేరే వీధులకు మళ్లింది, కొత్త డిస్కోలు, బార్లు వచ్చాయి, 248 బిస్ రద్దయింది. ముసుగు అవసరం తగ్గిన కొద్దీ అందరూ కలిసి కూర్చునే పాత పద్ధతి పబ్బుకు గిరాకీ తగ్గడం సహజం. అయినా దాన్ని మూయించింది ఈ మార్పు కాదు, హెరాయిన్. 1970ల మొదట్లో ఆమ్‌స్టర్‌డామ్‌కు చేరిన ఆ మత్తుమందు కొద్ది ఏళ్లలోనే జేడైక్‌ను పట్టుకుంది. గుమ్మాల ముందే అమ్మకం, సందుల్లో సూదులు, పట్టపగలు దోపిడీలు. దుకాణాలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి, ఇళ్లు పాడుబడ్డాయి. గ్రేట్ కూడా 1982లో తలుపు మూసింది. గే పబ్బులు వివక్ష వల్ల మూతపడతాయన్న అభిప్రాయం బలంగా ఉంది. ఇక్కడ మాత్రం చట్టం కఠినంగా ఉన్న రోజుల్లో నడిచిన పబ్బు, చట్టం సడలిన పదేళ్లకు, వీధి బాగోలేక మూతపడింది.

మూసినా గ్రేట్ లోపల ఏదీ కదల్చలేదు. టైలు, ఫోటోలు, బల్ల, కౌంటరు అన్నీ ఎక్కడివక్కడే ఉండిపోయాయి. ఇది పైకి చిన్న విషయంగా కనిపిస్తుంది. పబ్బులు సాధారణంగా తమ చరిత్రను తామే చెరిపేసుకుంటాయి: పదేళ్లకోసారి రంగులు మారతాయి, కొత్త యజమాని వచ్చి కౌంటరు మారుస్తాడు, గిరాకీ తగ్గినప్పుడల్లా ‘కొత్త రూపం’ ఇస్తారు. 1982 నుంచి 2008 వరకు ’ట్ మాంత్యే నడుస్తూ ఉండి ఉంటే, ఆ కాలపు అభిరుచి ప్రకారం అద్దాలు, రంగు దీపాలు, పెద్ద తెర టీవీ వచ్చి ఉండేవి. వ్యాపారం ఆగిపోవడం వల్ల వస్తువులు బతికాయి. ఊరగాయ జాడీకి వాసెన కట్టినట్టు ఆ గదికి తాళం పనిచేసింది.

ఇందులో భద్రపరిచినవి ఏమిటన్నది కూడా గమనించదగ్గది. వారసత్వ కట్టడాల చట్టాలు ఎక్కడైనా ముందు చూసేది కట్టడం వయసు, శిల్పం, వాడిన సామగ్రి. జేడైక్ ఒకటో నంబరులో 16వ శతాబ్దపు చెక్క ఇల్లు ఒకటి ఉంది. దాని విలువ నిపుణులకు చూడగానే తెలుస్తుంది. 63వ నంబరు ఇంట్లో ముఖ్యమైనవి కత్తిరించిన టై ముక్కలు, పొగ పట్టిన ఫోటోలు. బజారులో వాటికి ధర లేదు. విడివిడిగా తీస్తే అర్థమూ లేదు. అన్నీ కలిసి, అదే గదిలో, అదే వరుసలో ఉన్నప్పుడే అవి సాక్ష్యం. తమ గురించి ఉత్తరాలు, డైరీలు రాసుకోవడానికే భయపడిన మనుషుల చరిత్రలో ఇలాంటి సాక్ష్యం అరుదు. వారి పేర్లు ఎక్కువగా దొరికేది పోలీసుల జాబితాల్లో. వారు నవ్వుతూ కనిపించే కాగితాలు దొరికేది ఇలాంటి గోడల మీద.

పబ్బు మూసి ఉన్న కాలంలో ఆమ్‌స్టర్‌డామ్ చారిత్రక మ్యూజియం తన గదుల్లో ’ట్ మాంత్యే లోపలి భాగానికి నకలు తయారు చేయించి ప్రదర్శనకు పెట్టింది. ఒక వీధి పబ్బును నగర చరిత్రలో భాగంగా అధికారికంగా గుర్తించడమది, అందువల్ల దాని ప్రాధాన్యం పెద్దదే. అసలు గది మూసి ఉండగా నకలును వేల మంది చూడటం మాత్రం విచిత్రమైన స్థితి. మ్యూజియంలో టైలు కనిపించేవి, కాని కొత్త టై వేలాడదీయడానికి వీలుండేది కాదు. చూసేవాడు అక్కడ అతిథి కాడు, ప్రేక్షకుడు.

ఇక వీధి సంగతి. 1985లో ఆమ్‌స్టర్‌డామ్ పురపాలక సంస్థ, బ్యాంకులు, బీమా కంపెనీలు కలిసి ‘ఎన్వీ జేడైక్’ అనే కంపెనీ పెట్టాయి. పోలీసులను మోహరించి అమ్మకందార్లను తరిమితే వారు పక్క వీధికి పోయి వారం తర్వాత తిరిగొస్తారని అప్పటికే తేలిపోయింది. ఈ కంపెనీ వేరే దారి పట్టింది: మత్తుమందు వ్యాపారానికి అడ్డాగా మారిన ఇళ్లను, పాడుబడ్డ ఇళ్లను కొనడం, బాగుచేయడం, కింది అంతస్తును ఎవరికి అద్దెకివ్వాలో తానే నిర్ణయించడం. ఎక్కువ అద్దె ఇచ్చేవాడికి కాక వీధికి పనికొచ్చే దుకాణానికి ఇవ్వడం దాని పద్ధతి. ఒక్కో మూల చొప్పున, ఏళ్ల మీద పట్టిన పని ఇది. ఆ వీధిలో స్థిరపడిన చైనీయుల దుకాణాలు, భోజనశాలలు బలపడ్డాయి. 2000లో అక్కడ తెరిచిన బౌద్ధ ఆలయాన్ని రాణి బెయట్రిక్స్ స్వయంగా ప్రారంభించింది. పదిహేనేళ్ల ముందు పగటిపూట నడవడానికి జంకిన వీధి అది.

2008 ఏప్రిల్‌లో కుటుంబంలో తర్వాతి తరానికి చెందిన డయానా వాన్ లార్ పబ్బును మళ్లీ తెరిచినప్పుడు, ఈ ఇరవై ఏళ్ల పని ఆమెకు తోడుగా ఉంది. అది లేకుండా 1990లోనే తెరిచి ఉంటే ఎంతకాలం నడిచేదో ఊహించడం కష్టం కాదు. అంతకుముందు ఏడాదే నగర పాలకులు ఆ పేట పిన్‌కోడు అంకెలతో ‘1012’ అనే పథకం ప్రకటించారు. సెక్స్ వర్కర్లు కూర్చునే ఎర్రదీపాల కిటికీలను, గంజాయి అమ్మే కాఫీషాపులను తగ్గించి ఆ చోట వేరే వ్యాపారాలు తేవాలన్నది దాని ఉద్దేశం. గౌరవప్రదమైన, కథ ఉన్న పాత పబ్బు అలాంటి పథకానికి ఎంతో అనువైనది. ఇందులో ఒక చిక్కు లేకపోలేదు. బెట్ పబ్బుకు వచ్చినవారిలో చాలామంది, ఈ పథకం ఆ పేటలో చూడకూడదనుకున్న మనుషులే.

పాత గదిని ఇవాళ్టి నిబంధనలకు సరిపెట్టడం ఎక్కడైనా కష్టమైన పనే. విద్యుత్తు తీగలు, గాలి వచ్చే మార్గాలు, మరుగుదొడ్లు, బీరు పీపాలుండే చల్లని నేలమాళిగ, అత్యవసర ద్వారం: వీటిలో ఏది ముట్టుకున్నా ఏదో ఒక పాత ఉపరితలం పోతుంది. నెదర్లాండ్స్‌లో అగ్నిప్రమాదాల సంగతి మరీ సున్నితం. 2001 కొత్త సంవత్సరం మొదటి గంటలో వోలెండామ్ ఊరిలోని ఒక కెఫేలో పైకప్పుకు వేలాడదీసిన ఎండిన క్రిస్మస్ కొమ్మలకు నిప్పంటుకుని పద్నాలుగు మంది యువతీ యువకులు చనిపోయారు, వందల మంది కాలిన గాయాలపాలయ్యారు. ఆ తర్వాత కెఫేల పైకప్పు అలంకారాల మీద తనిఖీలు గట్టిపడ్డాయి. అలాంటి దేశంలో, పైకప్పు నిండా గుడ్డ, కాగితం వేలాడటమే తన చరిత్ర అయిన పబ్బును తెరవడం అందంగా సర్దడంతో అయ్యే పని కాదు. అసలు వస్తువును కాపాడాలన్న పట్టుదలకు, తాగే జనం మధ్య దాన్ని వేలాడదీయకూడదన్న నియమానికి మధ్య బేరం కుదరాలి.

మరో మార్పు తెరిచిన మూడు నెలల లోపే వచ్చింది. 2008 జులై 1 నుంచి డచ్చి ప్రభుత్వం పబ్బులు, భోజనశాలల్లో పొగ తాగడాన్ని నిషేధించింది. పనివాళ్లు లేకుండా యజమానే నడిపే చిన్న పబ్బులు ఈ నిషేధాన్ని గట్టిగా ఎదిరించాయి. వాటికి 2011లో మినహాయింపు దొరికి, 2014లో సుప్రీంకోర్టు తీర్పుతో పోయింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇలాంటి పాతకాలపు పబ్బులను ‘గోధుమరంగు కెఫేలు’ అంటారు. ఆ రంగులో పెద్ద భాగం దశాబ్దాల పొగాకు మసి. ఆరోగ్యం దృష్ట్యా నిషేధం సబబే. దాని ఫలితంగా మాత్రం ’ట్ మాంత్యే గోడల రంగు తెరిచిన ఏడాదితోనే ఆగిపోయింది. ఇక ముందు అది పాతబడదు, వెలిసిపోతుంది. దుమ్ము దులిపితే సాక్ష్యం పోతుంది, దులపకపోతే గుడ్డ చివికిపోతుంది. మ్యూజియంలో అయితే వెలుతురు తగ్గించి, తేమ కొలిచి, గాజు వెనక పెడతారు. పబ్బులో బీరు గ్లాసుల ఆవిరి, మనుషుల ఊపిరి, తలుపు తీసినప్పుడల్లా వచ్చే చలిగాలి ఉంటాయి. వాడుకలో ఉన్న చోటును భద్రపరచడమంటే దాన్ని కొద్దికొద్దిగా అరగదీయడానికి ఒప్పుకోవడమే.

మిగతా నగరాల అనుభవంతో పోల్చి చూస్తే ఆమ్‌స్టర్‌డామ్ ఉదాహరణ ఎందుకు అరుదో తెలుస్తుంది. లండన్‌లో 2006లో 120కి పైగా ఉన్న ఎల్జీబీటీ క్లబ్బులు, బార్లు, పబ్బులు 2017 నాటికి 53కి పడిపోయాయని యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు లెక్క తేల్చారు. ఫోన్ యాప్‌ల వల్ల మనుషులు ఇళ్లలోనే పరిచయాలు చేసుకుంటున్నారన్న వాదన ప్రచారంలో ఉన్నా, ఆ పరిశోధనలో ముందుకొచ్చిన కారణాల్లో పెరిగే అద్దెలు, భారీ నిర్మాణ పథకాలు, స్థలాన్ని ఇళ్లుగా మార్చితే వచ్చే లాభం ముఖ్యమైనవి. ’ట్ మాంత్యేను మూయించింది స్థలానికి విలువ పడిపోవడం. లండన్ పబ్బులను మూయిస్తున్నది స్థలానికి విలువ పెరగడం. రెండో జబ్బుకు మందు వెతకడం కష్టం, ఎందుకంటే దాన్ని జబ్బు అని ఒప్పుకునేవారే తక్కువ.

లండన్‌లో దక్షిణాన ఉన్న రాయల్ వాక్స్‌హాల్ టావెర్న్ 1860లలో కట్టిన పబ్బు, దశాబ్దాలుగా డ్రాగ్ ప్రదర్శనలకు, అంటే మగవాళ్లు ఆడవేషం వేసి చేసే ప్రదర్శనలకు ప్రసిద్ధం. 2014లో ఒక స్థిరాస్తి సంస్థ దాన్ని కొన్నప్పుడు అభిమానులు ఉద్యమించారు. 2015 సెప్టెంబరులో ప్రభుత్వం దాన్ని రక్షిత చారిత్రక కట్టడాల జాబితాలో గ్రేడ్ టూ కట్టడంగా నమోదు చేసింది. ఎల్జీబీటీ చరిత్ర కారణంగా బ్రిటన్‌లో ఆ గుర్తింపు పొందిన తొలి భవనం అదే. అయితే ఆ నమోదు గోడలను కాపాడుతుంది, లోపల జరిగే పనిని కాదు. గోడలు అలాగే ఉంచి లోపల మరో వ్యాపారం పెట్టుకోవడాన్ని అది ఆపలేదు. అదే ఏడాది ఏప్రిల్‌లో కామ్డెన్‌లోని బ్లాక్ క్యాప్ అనే పేరున్న డ్రాగ్ పబ్బు, ‘సమాజానికి విలువైన ఆస్తి’గా గుర్తింపు పొందిన కొద్ది రోజులకే మూతపడింది. తూర్పు లండన్‌లో 2015లో మూతపడ్డ జాయినర్స్ ఆర్మ్స్ విషయంలో స్థానిక సంస్థ వేరే మెట్టు ఎక్కింది: కొత్త నిర్మాణానికి అనుమతి కావాలంటే అందులో ఎల్జీబీటీ పబ్బుకు చోటు ఇవ్వాలని 2017లో షరతు పెట్టింది. గోడల కన్నా వాడుకను కాపాడే ప్రయత్నం కాబట్టి ఇది ముఖ్యమైనది. కాగితం మీద చోటు ఉన్నా, దాన్ని నడిపే మనుషులు, పెట్టుబడి, పాత వస్తువులు ఎక్కడి నుంచి వస్తాయన్నది ఏ షరతూ చెప్పలేదు.

న్యూయార్క్‌లోని స్టోన్‌వాల్ ఇన్ అనే గే బారు సంగతి ఇంకా వేరు. పోలీసు దాడిని అక్కడివారు ఎదిరించిన 1969 జూన్ తిరుగుబాటు తర్వాత కొద్ది నెలలకే అది మూతపడి, ఆ స్థలంలో తిండి దుకాణం, బట్టల దుకాణం లాంటివి వచ్చిపోయాయి. తర్వాత మళ్లీ బారు వచ్చింది, 2016లో ఆ ప్రాంతం జాతీయ స్మారకమైంది. ప్రపంచమంతటికీ తెలిసిన పేరు మిగిలింది గాని, 1969 నాటి లోపలి అమరిక దాదాపు ఏమీ మిగల్లేదు. పేరు, గది, వాడుక మూడూ ఒకేచోట నిలిచిన ఉదాహరణగా ’ట్ మాంత్యే ప్రత్యేకత అక్కడే ఉంది.

ఆ మూడింటినీ కలిపి ఉంచిన దారం కుటుంబం. దీన్ని భావోద్వేగంగా కాక వ్యాపార నిర్మాణంగా చూడాలి. బీరు కంపెనీల చేతిలో, గొలుసు సంస్థల చేతిలో ఉన్న పబ్బు ఏటా లాభం చూపాలి. మూసి ఉంచిన గది వారి లెక్కల్లో నష్టం. గ్రేట్‌కు అలాంటి జవాబుదారీ లేదు. వస్తువులను అమ్మి సొమ్ము చేసుకోమని, గది ఖాళీ చేసి వేరేవాళ్లకు ఇవ్వమని ఒత్తిడి చేసే వాటాదారులు లేరు. ఈ వారసత్వం తండ్రి నుంచి కొడుక్కి పోయే మామూలు దారిలోనూ రాలేదు. కుటుంబ పెద్ద నుంచి బెట్‌కు, ఆమె నుంచి సోదరికి, తర్వాత ఆ ఇంటి చిన్న తరానికి చెందిన స్త్రీకి, పక్కదారుల్లోనే నడిచింది. పిల్లలు లేని మనుషులే ఎక్కువగా నడిపే ఇలాంటి చోట్లకు ఈ పక్కదారి ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు. యజమాని తదనంతరం ఎవరు అన్న ప్రశ్నకు జవాబు లేకనే ఎన్నో గే పబ్బులు మొదటి తరంతోనే ముగిశాయి. కుటుంబాలు తమ గే బిడ్డలను వెలివేసిన కాలంలో, తల్లి రోజూ భోజనం తెచ్చి ఇచ్చిన కూతురి పబ్బు కావడం వల్ల దీనికి ఆ కొనసాగింపు దొరికింది.

అదే దాని బలహీనత కూడా. మద్యం లైసెన్సుకు బాధ్యులైన మనుషుల పేర్లుంటాయి. గదికి ఉన్నట్టు దానికి ఆయువు లేదు. తర్వాతి తరంలో ఎవరూ ముందుకు రాకపోతే, ఎంత అపురూపమైన పైకప్పు అయినా దాన్ని నడిపే మనిషి ఉండడు. 2017లో దగ్గరలోని ఒక వంతెనకు నగర పాలకులు బెట్ వాన్ బేరెన్ పేరు పెట్టారు. గౌరవం చూపడంలో నగరం వెనకాడలేదు. వారసులను సమకూర్చడం మాత్రం నగరం చేతిలో లేదు.

నగరం చేయగలిగింది ఏదైనా ఉంటే, అది ఎన్వీ జేడైక్ చూపిన మార్గమే అనిపిస్తుంది. కట్టడాన్ని నమోదు చేసే చట్టానికి లేని అధికారం ఆ కంపెనీకి ఉంది: ఎవరికి, ఏ వ్యాపారానికి, ఎంత అద్దెకు ఇవ్వాలో నిర్ణయించుకోగలదు. లండన్ ఉద్యమకారులు షరతులతో, కోర్టులతో సాధించడానికి తంటాలు పడుతున్నది అదే. అయితే ఆ అధికారం ఎవరిని ఎంచుకుంటుందన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. వీధిని మర్యాదస్తుల వీధిగా మార్చడానికి అద్దెదారులను వడకట్టే సంస్థ 1927లో ఉండి ఉంటే, అప్పు చేసి పబ్బు కొంటున్న, తోలు దుస్తుల్లో తిరిగే, ఎవరొచ్చినా లోపలికి రానిచ్చే ఇరవై అయిదేళ్ల అమ్మాయికి తాళం చెవి ఇచ్చేది కాదు. 2008లో అదే పబ్బును ఆనందంగా ఆహ్వానించగలిగింది, అప్పటికి అది చరిత్ర అయిపోయింది కాబట్టి. ఈ రోజు అలాంటి చోటు కొత్తగా పెట్టాలనుకునే వారు వెతుక్కునేది జేడైక్ లాంటి బాగుపడ్డ వీధిలో కాదు, అద్దె తక్కువగా ఉండి ఇంకా ఎవరి దృష్టీ పడని పేటల్లో.